వంగకూడని రోజులు

హైదరాబాదులో నా కుడి తుంటి కీలు తీసేసి కొత్తది అమర్చిన డాక్టరు, ఇంటికి పంపేటప్పుడు ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు.

"వంగొద్దమ్మా. చేతిలోది ఏం జారిపోయినా సరే, నడుము దగ్గర వంగొద్దు. కింద కూర్చోవద్దు. కాలు మీద కాలు వేయొద్దు. పడుకుంటే రెండు కాళ్ల మధ్య దిండు ఉండాల్సిందే. కీలు జారిందంటే మళ్లీ మొదటికొస్తాం."

నేను తలూపాను. నా వెనక నిలబడ్డ అక్క కూడా తలూపింది. అక్కకు తెలుగు బాగానే వచ్చు గానీ డాక్టర్ల ముందు నోరు విప్పదు. వరండాలోకి వచ్చాక మా ఇంటి భాషలో మెల్లగా అడిగింది, "వంగకుండ బతికే ఆడది యాడనన్న ఉంటదా?" అని. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర చురుక్కున లాగింది. సగంలోనే ఆపేశాను.

మాది మహబూబాబాద్ పక్కన ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ పెరిగాం. తెలుగు నాకు బడి నేర్పింది. అదే తెలుగుతో చదువుకుని, లెక్కల టీచరునై, జనగామలో స్థిరపడ్డాను. పెళ్లయింది గానీ నిలవలేదు. ఆ కథ వేరు. అక్క భూపాలపల్లిలో ఉంటుంది, బావ బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేస్తాడు. అమ్మా బాపూ పోయాక తండాకు వెళ్లడం తగ్గిపోయింది. స్టేషన్ వెనక వీధిలో ఒక ముసలమ్మ ఇంట్లో వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని చాలా ఏళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. ముందు భాగంలో ఆమె, వెనక నేను, మధ్యలో ఒక చిన్న వాకిలి. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది.

తుంటి నొప్పి కొన్నేళ్లు లాగింది. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత నిలబడితే, చివరికి ఊరికే కూర్చున్నా వచ్చేది. కీలు లోపలి ఎముకకు రక్తం అందక అది చచ్చిపోయిందని, మార్చడం తప్ప దారి లేదని చెప్పారు. చచ్చిపోయిన ఎముక ఇంత నొప్పి ఎలా పెడుతుందో నాకు అర్థం కాలేదు. సరే అన్నాను.

నేను ఆపరేషన్ చేయించుకుని జనగామకు తిరిగొచ్చేసరికి ఊరి రూపం మారిపోయింది. రాష్ట్రం కోసం అన్ని పనులూ ఆపేసి అందరూ రోడ్డెక్కిన రోజులవి. బడులకు తాళాలు పడ్డాయి. మా టీచర్లంతా చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్నారు. నేను కూడా అంతకుముందు ఏడాది వాళ్లతో పాటు కుంటుకుంటూ ఊరేగింపుల్లో నడిచినదాన్నే. ఇప్పుడు కారు వెనక సీట్లో దిండ్ల మీద సగం పడుకుని, కిటికీలోంచి జెండాలు చూస్తూ ఇంటికొచ్చాను. టెంటులోంచి ఎవరో నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపారు. నేను ఊపేలోగా కారు మలుపు తిరిగింది.

అక్క ఒక నెలైనా నా దగ్గర ఉండాలని అనుకున్నాం. అన్నీ అమర్చింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. నేల మీది లెట్రిన్ పైన రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ పెట్టించింది. నీళ్లు, మాత్రలు, ఫోను, విసనకర్ర నా చేతికందే ఎత్తులో స్టూలు మీద సర్దింది. ఇంతలో భూపాలపల్లి నుంచి ఫోనొచ్చింది. కోడలికి నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి.

అక్క మంచం పక్కన నిలబడి ఫోను వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"పో," అన్నాను. "దానికి తల్లి లేదు. నాకు వాకర్ ఉంది."

"రెండు మూడు రోజుల్ల వచ్చేస్త చెల్లె. బిడ్డ బయటపడంగనే వచ్చేస్త."

అవ్వకు అప్పజెప్పి వెళ్లింది. మర్నాడే బస్సులు ఆగిపోయాయి. రైళ్లు కూడా ఒక రోజు నడిస్తే రెండు రోజులు నిలిచిపోయేవి. స్టేషన్ పక్కన ఇన్నేళ్లున్నా రైళ్ల చప్పుడు నేను పట్టించుకున్నది లేదు. అది లేకపోయేసరికి ఆ వీధి నాది కానట్టు అనిపించింది.

ఆ నొప్పి గురించి చెప్పాలి. ఆపరేషన్‌కు ముందున్నది నాకు తెలిసిన నొప్పి. ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో తెలుసు. కొత్తది అలా కాదు. తొడ అంతా ఉబ్బి, చర్మం బిగుసుకుపోయి, ఆ కాలు ఎవరిదో తెచ్చి నాకు కట్టినట్టుండేది. కదలకుండా పడుకుంటే మొద్దుగా, బరువుగా నొప్పి. కదిలితే కత్తితో గీసినట్టు. పడుకుని లేచేటప్పుడు మొదటి క్షణం అన్నిటికంటే ఘోరం. కాలు మంచం దిగేలోపు ఒళ్లంతా చెమట పట్టేది. లేవకపోతే రక్తం గడ్డకడుతుందని భయపెట్టారు కాబట్టి లేచేదాన్ని. పాదాలు ముందుకీ వెనక్కీ ఆడించమన్నారు, ఆడించేదాన్ని. మడమను పరుపు మీద మెల్లగా లాక్కుంటూ మోకాలు మడవమన్నారు. అది చేస్తున్నంతసేపూ కళ్ల నుంచి నీళ్లు కారేవి. నేను ఏడవలేదు. నీళ్లు వాటంతట అవే కారేవి.

అప్పటికి ఊళ్లో కరెంటు కూడా పోయి వస్తోంది. బొగ్గు ఆగిపోయింది కదా. అక్కకు ఫోన్ చేసి చెప్పాను, "బావ బాయిల దిగకపోతే ఈడ నా ఫాన్ తిరుగుత లేదు" అని. అక్క పకపకా నవ్వింది. "నీ ఫాన్ కోసం సమ్మె ఆపుమంటవా ఏంది?" అంది. మనవడు పుట్టాడు, బక్కగా ఉన్నాడు, పిల్లను కదపలేను, బండి దొరికితే వస్తాను అంది. సరేలే, తొందరేం లేదు అన్నాను. ఫోను పెట్టేశాక గది అంతకుముందుకంటే ఖాళీగా అనిపించింది. ఛార్జింగు ఉండేది కాదు కనుక మాట్లాడాలనిపించినప్పుడల్లా మాట్లాడటానికీ లేదు.

అవ్వ పొద్దున్నా సాయంత్రం వచ్చేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేది. నీళ్లు నింపేది. ఆమెకు చెవులు కొంచెం మందం. గట్టిగా మాట్లాడాలి, నాకేమో గట్టిగా మాట్లాడితే తొడ దాకా అదిరేది. అందుకని మా మధ్య మాటలు తక్కువ. ఆమె నాతో ఏనాడూ దురుసుగా ప్రవర్తించలేదు. కానీ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, మీరేమిట్లు అని కులం అడిగి, విన్నాక కాసేపు ఊరుకుని, సర్కారు నౌకరే కదా అని తాళంచెవి ఇచ్చిన ఆ ఊరుకోవడం నాకు గుర్తుంది. ఆ తర్వాత ఆమె వంటింట్లోకి నేనుగా ఎప్పుడూ పోలేదు. ఆమె రమ్మననూ లేదు. అక్క వచ్చినా మేమిద్దరం తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించి మా భాష మాట్లాడుకునేవాళ్లం. ఎవరూ వద్దనలేదు. అలవాటైపోయింది.

మా బడి సైన్సు సారు ఒకసారి ఇద్దరు ముగ్గురితో వచ్చి చూసిపోయాడు. అరటిపళ్లు తెచ్చాడు.

"మేడం, మీరు జల్ది లేవాలె. మీరు లేక శిబిరంల లెక్కలు తప్పుతున్నయ్. ఎంతమంది వచ్చిండ్రంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తుండ్రు," అన్నాడు.

అందరం నవ్వాం. వాళ్లు లేచాక కుర్చీలు నాలుగు దిక్కులా అలాగే ఉండిపోయాయి. వాకర్‌కు దారి లేకుండా అడ్డం. అవ్వ వచ్చి జరిపేదాకా మంచం దిగలేకపోయాను.

నొప్పిని దాటడానికి నేను ఎక్కాలు చదువుకునేదాన్ని. కళ్లు మూసుకుని పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం. లెక్కల టీచరుకు అంతకంటే దగ్గరి చుట్టం ఎవరు? మాత్ర వేసుకున్నాక అది పని మొదలుపెట్టేలోపు ఉండే ఖాళీ ఎక్కాలతో నిండిపోయేది. పిల్లలు తరగతిలో ఎందుకు అంత గట్టిగా అరుస్తూ చదువుతారో అప్పుడు తెలిసింది. గొంతు పని చేస్తుంటే మిగతా ఒళ్లు కాస్త వెనక్కు తగ్గుతుంది.

ఒక రోజు చౌరస్తా దగ్గర రోడ్డు మీదే వంటలు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పేర్చి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం అప్పట్లో ఊరూరా జరిగేది. పొద్దున్నుంచే వీధిలో గిన్నెల చప్పుడు. ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. అవ్వ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

"జర పోయొస్త టీచరమ్మా. గల్లీల ఒక్కరు లేరు. నేనొక్కదాన్ని ఇంట్ల కూసుంటె ఏమనుకుంటరు?"

"పోయి రా అవ్వా. నాకేం కాదు."

"నీకు గూడ ఇంత పట్టుకొస్త."

ఆమె చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మైకు మొదలైంది. గాలి ఇటు తిరిగినప్పుడు మాటలు అందేవి, అటు తిరిగితే పోయేవి.

మధ్యాహ్నం మాత్ర వేళైంది. నొప్పి అప్పటికే మోకాలిదాకా పాకి ఉంది. పడుకునే చెయ్యి చాచి స్టూలు మీద మాత్రల అట్ట అందుకోబోయాను. వేలి కొసకు తగిలి అది జారిపోయింది. చిన్న చప్పుడు. మంచం అంచుకు ఒరిగి చూస్తే నేల మీద వెండిరంగు అట్ట, నా చేతికి సరిగ్గా కింద.

మామూలు మనిషికి అది క్షణం పని. వంగి తీసుకుంటుంది. ఆ పని చేశానని కూడా ఆమెకు తర్వాత గుర్తుండదు.

నేను లేచి వాకర్ పట్టుకుని నిలబడ్డాను. వాకర్ కాలితో అట్టను దగ్గరకు లాగుదామని చూశాను. అది రబ్బరు బిళ్ల కింద చిక్కి, తిరిగి, ఇంకొంచెం మంచం కిందికి జరిగింది. తువ్వాలును నీళ్లలో ముంచి ఒక కొస పట్టుకుని కిందికి వదిలాను, అతుక్కుంటుందేమోనని. ఒకసారి నిజంగానే అతుక్కుంది. మెల్లగా ఎత్తాను. మోకాలి ఎత్తుకు వచ్చి మళ్లీ పడిపోయింది. ఈసారి బోర్లా పడింది. నేలంతా తడి. తడిలో వాకర్ జారితే కీలూ జారుతుంది. ఎడమ మోకాలు వంచి, కుడికాలు వెనక్కు చాచి, ఎలాగైనా చెయ్యి పోనిద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. డాక్టరు గొంతు చెవిలో వినిపించింది. మంచం మీద వెనక్కు కూర్చున్నాను. కూర్చునేటప్పుడు కుడికాలు ముందుకు చాచడం మరిచాను. తుంటిలో ఏదో మెలితిప్పినట్టయి నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు.

అవ్వా అని పిలిచాను. పిలుస్తున్నప్పుడే తెలుసు ఆమె లేదని. పక్కింటివాళ్లను పిలిచాను. ఎదురింటివాళ్లనూ పిలిచాను. ఫోను తీసి చూస్తే తెర నల్లగా ఉంది. మైకులో ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు. మన మాటను ఎగతాళి చేశారు, సినిమాల్లో మన మాటను నౌకర్లకూ దొంగలకూ పెట్టారు, ఇక మన మాట మనం తలెత్తుకుని మాట్లాడుకుంటాం అంటున్నారు. చప్పట్లు. ఈలలు. ఊరంతా అక్కడే ఉంది. నేను కూడా అక్కడ చప్పట్లు కొట్టవలసినదాన్నే. పొగ వాసన, ఉడుకుతున్న అన్నం వాసన నా గదిదాకా వచ్చాయి. మనుషులు మాత్రం రాలేదు.

పడుకుని కాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎక్కాలు మొదలుపెట్టాను. పదిహేడో ఎక్కం సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పని ఎక్కం. నొప్పి అంకెలను తినేసింది. అప్పుడు నా నోటి నుంచి "యాడీ" అని వచ్చింది. మా భాషలో అమ్మ.

ఆ ఇంట్లో అంత గట్టిగా ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనగానే ఎవరైనా విన్నారేమోనని తలుపు వంక చూశాను. ఎవరూ లేరు. మళ్లీ అన్నాను. ఇంకా గట్టిగా.

మా అమ్మకు నొప్పిని తిట్టే అలవాటుండేది. కూలికి పోయి రాళ్లెత్తి వచ్చి నడుము పట్టుకుపోతే, చేలోకి జొరబడ్డ మేకను అదిలించినట్టు దాన్ని అదిలించేది. ఎవరు తోలారే నిన్ను ఇటు, నీకు వేరే చేను దొరకలేదా, తిన్నది చాలు, పో, పో ఇక్కడి నుంచి. మేం పిల్లలం నవ్వేవాళ్లం. నేను కూడా తిట్టడం మొదలుపెట్టాను. మొదట అమ్మ మాటలే. తర్వాత నావి. ఆ నొప్పి నా తొడలో మేస్తున్న మేకే అనుకుని, దాని తల్లినీ తండ్రినీ, దాన్ని పెంచినవాణ్నీ, దాని కొమ్ములనూ తిట్టాను. ముప్పై ఏళ్లుగా వాడని మాటలు ఎక్కణ్నుంచో వచ్చాయి. కొన్నిటికి అర్థం కూడా సరిగ్గా తెలియదు, అమ్మ గొంతులో విన్నవి అంతే. తిట్లయిపోయాక అమ్మతో మాట్లాడాను. కాలు గురించి, అక్క గురించి, నేల మీద పడ్డ అట్ట గురించి. నొప్పి తగ్గలేదు. కానీ దానికీ నాకూ మధ్య కాస్త చోటు దొరికింది.

అలా ఎంతసేపు మాట్లాడానో తెలియదు. తల తిప్పి చూసేసరికి అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో విస్తరాకు కప్పిన గిన్నె.

"ఎవరొచ్చిండ్రు?" అంది గదంతా చూస్తూ. "ఎవరితోటి మాట్లాడుతున్నవ్?"

"ఎవరూ లేరవ్వా."

"మాట్లాడుతుంటివి గద. నాకే ఇనబడ్డది."

"నాతోటి నేనే మాట్లాడుకుంటున్న."

"గదేం భాష?"

"మా భాష."

ఆమె గిన్నె స్టూలు మీద పెట్టింది. "ఇన్నేండ్ల సంది ఒక్కనాడు ఇనలే," అంది.

"మాట్లాడనీకి ఎవరున్నరవ్వా ఈడ?"

అప్పుడే నేల మీది తడి, తువ్వాలు, మంచం కింద అట్ట ఆమె కంటబడ్డాయి. గబుక్కున వంగి తీసింది. ఆ వయసులో ఆమె నడుము అంత తేలిగ్గా వంగడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ రోజంతా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

"అయ్యో, గింత పరేషాన్ అయితివా బిడ్డా. నేను పోకపోతె మంచిగుండేది."

మాత్ర వేసి, నీళ్లు తాగించి, గిన్నెలో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పెద్ద డేగిసాల్లో వండిన అన్నం, అడుగంటిన వాసనతో. బాగుంది. తిన్నాక నా ఎడమ పాదం తన ఒళ్లోకి తీసుకుని ఒత్తింది. అదేమో మంచి కాలు, దానికేం నొప్పి లేదు. అయినా వద్దనలేదు.

"రోడ్డు మీద మస్తుమంది వచ్చిండ్రు," అంది ఒత్తుతూనే. "గంతమందిల నాకెవరూ తెల్వలే. నేను గూడ ఒక్కదాన్నే కూసొని తిన్న."

ఆ తర్వాత ఆమె అట్టను స్టూలు మీద పెట్టకుండా ఒక సంచిలో వేసి నా మంచం కోడుకు కట్టింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం కూడా రావడం మొదలుపెట్టింది. వచ్చి ఏమీ మాట్లాడకుండా గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకునేది. ఆమె ఉన్నంతసేపు బాగుండేది. లేచి వెళ్లాక ఉన్న ఒంటరితనం అలాగే ఉండేది. ఆమె నాకు తోడు, నిజమే. కానీ నా నొప్పిలోకి ఆమె రాలేదు, ఆమె ముసలితనంలోకి నేను పోలేను. ఇద్దరం రెండు గట్ల మీద కూర్చుని ఉన్నట్టుండేది.

అక్క ఒక పొద్దున చెప్పకుండా దిగింది. భూపాలపల్లి నుంచి కూరగాయల ఆటోలో కొంత దూరం, ఎవరిదో పెళ్లి జీపులో హన్మకొండ దాకా, అక్కణ్నుంచి పాలవ్యానులో స్టేషన్ ఘన్‌పూర్, తర్వాత ట్రాక్టరు. ఒంటినిండా దుమ్ము. గుమ్మంలో నన్ను చూడగానే చేతిలో మూట వదిలేసింది.

మా తండాల్లో ఆడవాళ్లు చాలా రోజులకు కలిస్తే ఒకరి మెడ ఒకరు కావిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. అది దుఃఖమే కాదు, పలకరింపు కూడా. నువ్వు లేక ఎలా ఉన్నాను, దారిలో ఏం చూశాను, ఇంట్లో ఎవరెలా ఉన్నారు, అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అక్క చేతులు చాచి వచ్చి నా మంచం దగ్గర ఆగిపోయింది. ఎక్కడ పట్టుకుంటే ఏమవుతుందోనని భయం. మెడను పట్టుకుంటే ఒళ్లు వంగుతుంది, భుజం పట్టుకుంటే కాలు తిరుగుతుంది. చివరికి నా కాళ్ల దగ్గర కూర్చుని, రెండు పాదాలను చేతుల్లోకి తీసుకుని, వాటి మీద నుదురు ఆనించి రాగం ఎత్తుకుంది. నేను పడుకునే ఆమె రాగానికి గొంతు కలిపాను. ఈసారి తలుపు వేసుకోలేదు. గొంతు తగ్గించలేదు.

అవ్వ పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి అంటుకునే ఉంది.

"ఏమైంది? ఎవరు పోయిండ్రు? పసిగుడ్డుకేమన్న అయిందా?"

అక్క ముఖం తుడుచుకుని ఆమె వంక చూసింది. "ఎవరు పోలే అవ్వా. అందరు మంచిగున్నరు. మేం కలిస్తె గిట్లనే ఏడుస్తం."

"కలిస్తె ఏడుస్తరా?" అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నా పాణం పోయింది గద!" అని గోడకు ఆనుకుని కూలబడింది. తర్వాత ఆమే ముందు నవ్వింది. నాకు నవ్వితే ఇంకా నొప్పిగానే ఉండేది, అయినా నవ్వాను.

అక్క ఉన్న రోజుల్లో నేను బాగా కోలుకున్నాను. ఆమె నాకు స్నానం చేయించింది. వీధిలో ప్రాక్టీసు చేసే డాక్టరు ఇంటికొచ్చి కుట్లు తీశాడు. తొడ వాపు దిగింది. నొప్పి మెల్లమెల్లగా నాకు తెలిసిన నొప్పిలా మారింది, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ముందే చెప్పేస్తూ. అక్కతో రోజంతా మా భాషే. మనవడి ముక్కు ఎవరిదో, బావ పని లేక ఇంట్లో కూర్చుని ఎలా అందరినీ విసిగిస్తున్నాడో, అన్నీ చెప్పింది.

ఒక సాయంత్రం వాకర్ మీద మెల్లగా వీధి దాటి చౌరస్తా టెంటు దగ్గరికి వెళ్లాను. ఒక పక్క అక్క, ఇంకో పక్క అవ్వ. మావాళ్లు చూసి చప్పట్లు కొట్టారు. సైన్సు సారు ఎదురొచ్చాడు. "లెక్కల మేడం వచ్చిండ్రు! ఇగ లెక్క పక్కా!" అని అరిచాడు. ఎక్కడి నుంచో ఎత్తయిన కుర్చీ తెచ్చి వేశారు. అందరూ రోడ్డు మీద పరిచిన తార్పాలిన్ల మీద ఒకరి భుజాలకు ఒకరు తగులుతూ కూర్చుని ఉన్నారు. నేనొక్కదాన్నే కుర్చీలో. అందరి తలలూ నాకంటే కింద. పాట అందుకున్నప్పుడు వాళ్లంతా చేతులు పట్టుకుని ఊగారు. నా చేతులు వాకర్ మీద ఉన్నాయి. ఎవరో ఒకామె నా వంక తలెత్తి చూసి నవ్వింది, నేనూ నవ్వాను. ఎన్నో రోజులుగా రావాలనుకున్న చోటు అది. వచ్చాను. కాసేపటికి అక్క నా ముఖం చూసి, పోదామా అంది. పోదాం అన్నాను.

సమ్మె ముగిసింది. రాష్ట్రం అప్పుడు రాలేదు, ఇంకా కొన్నేళ్లు పట్టింది. బస్సులు తిరగడం మొదలైన రోజే అక్కకు భూపాలపల్లి నుంచి మళ్లీ ఫోనొచ్చింది, పసివాడికి జ్వరమని. ఈసారి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వెళ్లేముందు నా తల దువ్వి, జడ వేసి, నూనె చేతులు తన కొంగుకే తుడుచుకుంది. అవ్వ ఆమెను బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్లింది.

ఇల్లంతా నిశ్శబ్దమైంది. నేను వాకర్‌తో నా వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకున్నాను. ఆపరేషన్ తర్వాత నా చేతులతో నేను పెట్టుకున్న మొదటి చాయ్. కప్పులో పోసుకున్నాక తెలిసింది, రెండు చేతులూ వాకర్‌కే కావాలి కాబట్టి కప్పును గదిలోకి తీసుకెళ్లలేనని. మంచం నాలుగడుగుల దూరంలో కనిపిస్తూనే ఉంది. వంటగట్టుకు ఎడమ తుంటి ఆనించి, అక్కడే నిలబడి, కిటికీలోంచి వాకిలి చూస్తూ తాగాను. చక్కెర కొంచెం ఎక్కువైంది. తాగాక కప్పు కడిగి బోర్లించాను.